సెయింట్ థామస్‌లో షిప్ ఆగితే పక్క దీవికి వెళ్ళొచ్చా? వెళ్తే ఏ దీవికి?

ఫ్లోరిడా నుంచి ఈస్టర్న్ కరీబియన్ క్రూయిజ్ బుక్ చేసుకున్న మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. సెయింట్ థామస్ అంటే కరీబియన్‌లో అమెరికా పాలనలో ఉన్న వర్జిన్ ఐలాండ్స్‌లో ఒక దీవి, సెయింట్ జాన్ దాని పక్కదే. "సెయింట్ థామస్‌లో దిగాక సెయింట్ జాన్ వెళ్ళొచ్చా? టైము సరిపోతుందా?" అని ఒకరు అడుగుతారు. "వెళ్ళకపోతే ట్రిప్పే దండగ" అని ఒకరంటారు, "షిప్ తప్పిపోతుంది, ఆ పని మాత్రం చేయకండి" అని ఇంకొకరంటారు. ఇద్దరూ వెళ్ళొచ్చినవాళ్ళే, ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. ఒకరి షిప్ ఒక రేవులో ఆగింది, ఇంకొకరిది ఇంకో రేవులో. ఒకరు భార్యాభర్తలిద్దరే వెళ్ళారు, ఇంకొకరు అమ్మానాన్నల్ని, ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళారు.

నా లెక్క ఒకటే. దీవి ఎంత అందంగా ఉందో చూసి ఎంచుకోకండి, ఈ చుట్టుపక్కల అందంగా లేని దీవి లేదు. అక్కడికి చేరేలోపు ఎన్ని బండ్లు మారాలో లెక్కపెట్టండి. మారిన ప్రతిచోటా ఎదురుచూపు ఉంటుంది, అది ఎంతసేపన్నది మన చేతుల్లో ఉండదు. ఉన్న ఎనిమిది తొమ్మిది గంటల్ని తినేసేది సముద్రం కాదు, ఈ ఎదురుచూపే.

## ముందు తేల్చుకోవాల్సినవి

షిప్ ఏ రేవులో ఆగుతుంది? సెయింట్ థామస్‌లో పెద్ద షిప్పులకు రెండు రేవులున్నాయి. షార్లెట్ అమాలీ ఊరికి తూర్పున హావెన్‌సైట్, పడమర క్రౌన్ బే. మ్యాపులో చూస్తే పక్కపక్కనే ఉంటాయి గానీ మధ్యలో ఊరంతా ఉంది. రెండు మూడు షిప్పులు ఒకేసారి వచ్చిన రోజు తీరం వెంబడి రోడ్డు మీద బండ్లు నత్తనడకన కదులుతాయి. మీ షిప్ ఏ రేవుకి వస్తుందో క్రూయిజ్ కంపెనీ యాప్‌లోనో, పోర్టు షెడ్యూల్‌లోనో ముందే చూసుకోండి. చాలామంది ఇది చూడరు. సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

షిప్ గడియారమా, ఊరి గడియారమా? వర్జిన్ ఐలాండ్స్‌లో గడియారాన్ని ముందుకీ వెనక్కీ జరపడమన్నది లేదు. వేసవిలో ఫ్లోరిడా టైమూ ఇక్కడి టైమూ ఒకటే. చలికాలంలో మాత్రం ఈ దీవి ఒక గంట ముందుంటుంది. కొన్ని షిప్పులు గడియారం మారుస్తాయి, కొన్ని ఫ్లోరిడా టైమునే అంటిపెట్టుకుంటాయి. ఫోనేమో దీవిలోని టవర్‌ని పట్టుకుని తనంతట తనే మారిపోతుంది. షిప్ ఫ్లోరిడా టైములోనే ఉంటే తిరుగు ప్రయాణానికి ఇబ్బంది లేదు, ఫోన్ చూసుకుని వస్తే ఒక గంట ముందే వచ్చేస్తారు. దెబ్బ తగిలేది పొద్దున. బయట బుక్ చేసుకున్న బోటు తొమ్మిదింటికి అంటే ఊరి టైము తొమ్మిది. షిప్‌లో గోడ గడియారం ఎనిమిది చూపిస్తుంటుంది, మనం తాపీగా రెండో దోసెకో ఆమ్లెట్‌కో లైన్లో నిలబడి ఉంటాం.

ఆలస్యమైతే ఎవరిది పూచీ? షిప్ వాళ్ళ దగ్గరే కొన్న ఎక్స్‌కర్షన్ (రేవులో దిగి తిరిగొచ్చే టూరు) ఆలస్యమైతే షిప్ ఆగుతుంది. సొంతంగా వెళ్ళినవాళ్ళ కోసం ఆగదు. తర్వాతి పోర్టుకు విమానం టికెట్ మనమే కొనుక్కోవాలి. అది పరాయి దేశమైతే ఇండియన్ పాస్‌పోర్ట్‌తో వీసా తలనొప్పి కూడా తోడవుతుంది. అమెరికన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు "ఏముంది, చూద్దాంలే" అన్నంత తేలిగ్గా మనం అనలేం.

ఎవరెవరు వస్తున్నారు? ఈత వచ్చా రాదా అన్నదాని కన్నా మోకాళ్ళు బాగున్నాయా లేదా అన్నదే ఇక్కడ పెద్ద ప్రశ్న. ఎందుకో కింద చెప్తాను.

## ఒక్క చూపులో

| ఎక్కడికి | మారాల్సిన బండ్లు (ఒకవైపు) | ఒకవైపు పట్టే సమయం | ఎవరికి నప్పుతుంది | ఎవరికి వద్దు |
|---|---|---|---|---|
| సెయింట్ జాన్ | మూడు: టాక్సీ, ఫెర్రీ, మళ్ళీ టాక్సీ | సుమారు రెండు గంటలు | పొద్దున్నే దిగగలిగిన ఇద్దరు ముగ్గురు, పార్కులంటే ఇష్టమున్నవాళ్ళు | నిద్ర లేవడానికే తొమ్మిదయ్యేవాళ్ళు |
| వాటర్ ఐలాండ్ | క్రౌన్ బే నుంచి ఒకటే. హావెన్‌సైట్ నుంచి రెండు | ముప్పావు గంట నుంచి గంటన్నర | చిన్నపిల్లలున్నవాళ్ళు, హడావిడి వద్దనుకునేవాళ్ళు | "ఏముంది చూడ్డానికి" అనేవాళ్ళు |
| బక్ ఐలాండ్ (కాటమరాన్, అంటే రెండు పడవల్ని జోడించినట్టుండే బోటు మీద) | బోటు ఒక్కటే | మొత్తం సగం రోజు | తాబేళ్ళు చూడాలనుకునేవాళ్ళు | సముద్రం పడనివాళ్ళు |
| బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్ | బోటు, రెండువైపులా ఇమిగ్రేషన్ | చెప్పలేం | క్రూయిజ్‌లో దాదాపు ఎవరికీ నప్పదు | అందరికీ |
| ఎక్కడికీ వెళ్ళకుండా సెయింట్ థామస్‌లోనే ఉన్న మేగెన్స్ బే బీచ్ | ఒక టాక్సీ | అరగంట | పెద్దవాళ్ళతో వచ్చినవాళ్ళు | దీవి మారాలనే పట్టుదల ఉన్నవాళ్ళు |

## సెయింట్ జాన్: అందరూ అడిగేది ఇదే

అడగడంలో తప్పు లేదు. దీవిలో సగానికి పైగా వర్జిన్ ఐలాండ్స్ నేషనల్ పార్క్. లారెన్స్ రాక్‌ఫెల్లర్ కొని ఇచ్చిన ఐదు వేల పైచిలుకు ఎకరాలతో 1956లో ఏర్పడింది. అందుకే ఉత్తర తీరంలో బీచ్ తర్వాత బీచ్ వస్తూనే ఉన్నా కొండల మీద హోటళ్ళు వరస కట్టి కనిపించవు. కొండ మీంచి అడవి నేరుగా ఇసుకలోకి దిగుతుంది.

దారి ఇలా ఉంటుంది. రేవు బయట సఫారీ టాక్సీలుంటాయి. ట్రక్కు వెనక బెంచీలు వేసి పైకప్పు కట్టిన బండ్లు అవి. మన షేర్ ఆటోల్లాగే నిండితే గానీ కదలవు. వాటిలో దీవి తూర్పు చివర ఉన్న రెడ్ హుక్‌కి వెళ్ళాలి. దూరం తక్కువే గానీ అంతా కొండ మలుపులు, అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది. అక్కణ్ణుంచి ఫెర్రీ దాదాపు గంటకొకటి, ఇరవై నిమిషాల్లో సెయింట్ జాన్‌లోని క్రూజ్ బే ఊళ్ళో దింపుతుంది. అక్కడ మళ్ళీ టాక్సీ ఎక్కితే పావుగంటలో ట్రంక్ బే బీచ్.

తొమ్మిది గంటలు ఆగే షిప్‌ని తీసుకుని లెక్కేద్దాం. ఎనిమిదింటికి ఆగింది, ఐదింటికి బయల్దేరుతుంది, నాలుగున్నరకల్లా ఎక్కేయాలి. గుంపులో దిగి, టాక్సీ నిండేసరికి తొమ్మిది. పది గంటల ఫెర్రీ అందితే పదీ ఇరవైకి క్రూజ్ బే, పదీ యాభైకి ట్రంక్ బే ఇసుక మీద. తిరిగి రావడానికి రెండింటి ఫెర్రీ పట్టుకోవాలంటే ఒంటిగంటా పావుకి బీచ్ వదలాలి. అంటే చేతికొచ్చేది రెండున్నర గంటలకన్నా కాస్త తక్కువే. "మూడింటి ఫెర్రీకి వెళ్దాంలే, ఇంకో గంట కలిసొస్తుంది" అనిపిస్తుంది. మూడింటిదానికి వస్తే రేవు చేరేసరికి నాలుగూ పది. మూడింటిది దేవుడి దయగా అట్టే పెట్టుకోండి, రెండింటిదే మన ఫెర్రీ అనుకోండి. ఈ లెక్క మీ షిప్ వేళలకి సరిపోకపోతే, అంటే పదింటికో పదకొండింటికో ఆగి సాయంత్రం ఐదింటికే కదిలేదైతే, సెయింట్ జాన్ పేరు కొట్టేయండి.

ఊరి నడిబొడ్డు, షార్లెట్ అమాలీ తీరం నుంచి కూడా క్రూజ్ బేకి ఫెర్రీ ఉంది. ముప్పావు గంట ప్రయాణం, హాయిగా ఉంటుంది, కొండల మీద టాక్సీ తిప్పలు తప్పుతాయి. రోజుకి కొన్నిసార్లే తిరుగుతుంది. మీ వేళకి కుదిరితే రెడ్ హుక్ కన్నా ఇదే మేలు, ముఖ్యంగా కార్లో కడుపు తిప్పేవాళ్ళకి.

ఇప్పుడు ట్రంక్ బే సంగతి. నీటి అడుగున రాళ్ళకి బిగించిన పలకలు చదువుకుంటూ ఈదే దారి ఒకటుంది, సుమారు రెండొందల మీటర్లు. మొదటిసారి స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి అడుగు చూస్తూ ఈదడం) చేసేవాళ్ళకి మంచి చోటు. షవర్లు, చిన్న తిండి దుకాణం ఉన్నాయి. అయితే 2017లో రెండు వారాల తేడాతో వచ్చిన ఇర్మా, మరియా తుఫాన్లు, ఆ తర్వాత పగడాలకి సోకిన తెగులు ఇక్కడి పగడాల్ని బాగా దెబ్బతీశాయి. పాత ఫొటోలు చూసి రంగురంగుల తోట ఉంటుందనుకుంటే నిరాశే. చేపలు మాత్రం బోలెడు. ఇంకొకటి, చలికాలంలో ఉత్తరం నుంచి పెద్ద అలలొచ్చిన రోజు ఇక్కడ నీళ్ళు మసకబారతాయి. ఆ రోజు ఇసుక మీద కూర్చోవడానికి తప్ప పనికిరాదు. ప్రవేశ రుసుము ఉంది, పదహారేళ్ళ లోపు పిల్లలకి లేదు. నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఉన్నవాళ్ళు దాన్ని ఇంట్లో మర్చిపోకండి, ఇక్కడా చెల్లుతుంది.

ఒక బండి తగ్గించుకునే ఉపాయం ఉంది. క్రూజ్ బేలో పార్క్ విజిటర్ సెంటర్ వెనకనుంచి లిండ్ పాయింట్ కాలిబాట మొదలవుతుంది. అడవిలో మైలు దూరం నడిస్తే సాలమన్ బీచ్ మీదుగా హనీమూన్ బీచ్. టాక్సీ కోసం చూడక్కర్లేదు, తిరుగు ప్రయాణం మన కాళ్ళ మీదే ఉంటుంది. నన్నడిగితే కాళ్ళలో సత్తువున్న జంటకి ట్రంక్ బే కన్నా ఇదే నయం. చెప్పులు మాత్రం హవాయివి వద్దు, రాళ్ళూ వేర్లూ ఉంటాయి.

డబ్బు విషయం. టాక్సీలు మనిషికింత అని తీసుకుంటాయి, బండికింత అని కాదు. రేట్లు ప్రభుత్వం నిర్ణయించినవే, బేరం ఉండదు. రెండు టాక్సీలు, ఫెర్రీ రానుపోను కలిపితే మనిషికి యాభై, అరవై డాలర్ల దాకా తేలుతుంది. నలుగురైతే షిప్ వాళ్ళ ఎక్స్‌కర్షన్‌కీ దీనికీ ఉన్న తేడా ఎంతో చూసుకోండి. ఆ తేడా షిప్ మీ కోసం ఆగుతుందన్న ధైర్యానికి కట్టే వెల. వీసా స్టాంపింగ్ మీద బతికే కుటుంబానికి అది ఖరీదైన బేరమేమీ కాదు.

## వాటర్ ఐలాండ్: క్రౌన్ బేలో ఆగితే వేరే ఆలోచన వద్దు

క్రౌన్ బేలో దిగి ఎదురుగా చూస్తే నీళ్ళకవతల కనిపించే కొండలే వాటర్ ఐలాండ్. పావుగంట లోపు నడిస్తే క్రౌన్ బే మెరీనా, అక్కణ్ణుంచి పది నిమిషాల ఫెర్రీ, దిగాక చిన్న గుట్ట ఎక్కి దిగితే హనీమూన్ బీచ్. సెయింట్ జాన్‌లోనూ అదే పేరుతో బీచ్ ఉంది కాబట్టి ఫోన్లో వెతికేటప్పుడు తికమక పడకండి.

ఐదొందల ఎకరాల దీవి, ఉండేది రెండొందల మంది కూడా లేరు. డెన్మార్క్ 1917లో ఈ వర్జిన్ ఐలాండ్స్‌ని రెండున్నర కోట్ల డాలర్ల బంగారానికి అమెరికాకి అమ్మినప్పుడు ఇది ఆ బేరంలో లేదు. అప్పటికి ఒక డేనిష్ కంపెనీ చేతిలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1944లో అమెరికా కొనుక్కుని కోట కట్టడం మొదలుపెట్టింది. పూర్తయ్యేలోపే యుద్ధం అయిపోయింది. ఆ ఫోర్ట్ సెగారా సొరంగాలు ఇప్పటికీ ఉన్నాయి. గోల్ఫ్ కార్ట్ అద్దెకి తీసుకుంటే దీవంతా చుట్టి కోట చూసి కూడా బీచ్‌కి టైముంటుంది. పిల్లలకి బీచ్ కన్నా ఆ కార్టే ఎక్కువ నచ్చుతుంది, రాసిపెట్టుకోండి.

బీచ్ చిన్నది, అలలు తక్కువ, నడుము లోతులో పిల్లలు ఆడుకోవచ్చు. ఇసుక మీదే చిన్న బార్లున్నాయి. చూడ్డానికి ఇంతే. "ఇంత దూరం వచ్చి ఇదా" అనేవాళ్ళు గుంపులో ఒక్కరున్నా మిగతావాళ్ళ రోజు చెడుతుంది. అలాంటివాళ్ళని సెయింట్ జాన్ పంపించేయండి.

జాగ్రత్త ఒకటే. ఫెర్రీ చిన్నది, ఒక్కోసారి రెండు సర్వీసుల మధ్య చాలాసేపు ఖాళీ ఉంటుంది. ఎక్కేముందే తిరిగొచ్చే వేళలు అడిగి ఫొటో తీసుకోండి. హావెన్‌సైట్‌లో దిగినవాళ్ళైతే ఊరు దాటడానికే పావుగంట నుంచి అరగంట కలుపుకోవాలి. అప్పుడు దీని తేలికదనం సగం పోతుంది.

## బక్ ఐలాండ్: దీవి మీద కాలు పెట్టరు, అయినా మంచిదే

దీన్ని దీవి యాత్ర అనడం కన్నా బోటు యాత్ర అనాలి. రేవు దగ్గర్నించి కాటమరాన్ ఎక్కిస్తారు, దక్షిణాన ఉన్న బక్ ఐలాండ్ పక్కన లంగరు వేస్తారు, నీళ్ళలోకి దింపుతారు. అడుగున గడ్డి మేస్తూ పచ్చ సముద్రపు తాబేళ్ళుంటాయి. కొన్ని బోట్లు పక్కనే మునిగిన ఓడ శిథిలం దగ్గరా ఆపుతాయి. సెయింట్ క్రాయ్ దగ్గర ఇదే పేరుతో ఇంకో పెద్ద బక్ ఐలాండ్ ఉంది, బుకింగ్‌లో ఊరి పేరు చూసుకోండి.

మొదట్నించి చివరిదాకా ఒకే బోటు. ఎదురుచూపు లేదు, ఫెర్రీ తప్పడం లేదు. ఈత రానివాళ్ళకి లైఫ్ జాకెట్, తేలే గొట్టాలు ఇస్తారు. బోటులోంచే తాబేలు తల పైకి తేలి ఊపిరి పీల్చుకోవడం చూడొచ్చు, కానీ అది అదృష్టం మీద ఆధారపడిన సంగతి. దాన్ని ముట్టుకోవడం చట్టరీత్యా నేరం, పిల్లలకి ముందే చెప్పి దింపండి.

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య ఇక్కడ క్రిస్మస్ గాలులంటారు, తూర్పు గాలి గట్టిగా వీస్తుంది. ఆ రోజుల్లో కాటమరాన్ బాగానే ఊగుతుంది. షిప్‌లోనే తల తిరిగినవాళ్ళు దీని జోలికి పోవద్దు. వెళ్ళి తీరాలంటే మాత్ర వేసుకుని పొద్దున బోటుకే వెళ్ళండి, మధ్యాహ్నం బోటు వద్దు. మధ్యాహ్నం బోటు ఆలస్యమైతే షిప్ వేళ నెత్తి మీదకొస్తుంది.

## బ్రిటిష్ దీవులు, హాసెల్ ఐలాండ్

యోస్ట్ వాన్ డైక్, వర్జిన్ గోర్డాలోని రాళ్ళ గుహలు ఫొటోల్లో ఊరిస్తాయి. అది వేరే దేశపు పాలన. వెళ్ళేటప్పుడు వాళ్ళ ఇమిగ్రేషన్, వచ్చేటప్పుడు అమెరికా ఇమిగ్రేషన్. బోటులో ఇరవై మందిలో ఒకరి కాగితాల దగ్గర ఆగినా అందరూ ఆగాలి. ఆ ఒకరు ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న మనమే అయ్యే అవకాశం ఎక్కువ. విమానంలో వచ్చి నాలుగు రోజులుండే ట్రిప్‌కి అట్టే పెట్టుకోండి.

హాసెల్ ఐలాండ్ హార్బర్‌లోనే, ఊరికి ఎదురుగా ఉంది. ఒకప్పుడు ఇది సెయింట్ థామస్‌కి అంటుకునే ఉండేది, 1860లలో డేనిష్ వాళ్ళు కాలువ తవ్వి విడదీశారు. పాత కోట, ఓడల మరమ్మతు రేవు శిథిలాలున్నాయి. మామూలు ఫెర్రీ లేదు, కయాక్ టూరుతో వెళ్ళాలి. చరిత్ర పిచ్చి, భుజాల్లో బలం రెండూ ఉన్నవాళ్ళకి మాత్రమే.

## అమ్మానాన్నలు వెంట ఉంటే

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళని క్రూయిజ్‌కి తీసుకెళ్ళడం ఇప్పుడు మామూలైపోయింది. సెయింట్ జాన్‌లో వాళ్ళకి కష్టం ఫెర్రీ కాదు. ఫెర్రీలో నీడ, సీట్లు ఉంటాయి. కష్టమంతా సఫారీ టాక్సీ మెట్టు. నేల మీంచి బాగా ఎత్తులో ఉంటుంది, పట్టుకుని పైకి లాక్కోవాలి, చీర కట్టుకుంటే మరీ ఇబ్బంది. రానుపోను నాలుగుసార్లు ఎక్కి దిగాలి. డ్రైవర్ పక్కన ముందు సీటు ఖాళీ ఉందేమో అడగండి, ఇస్తారు. అడిగేముందు "గుడ్ మార్నింగ్" అనడం మర్చిపోకండి. ఇక్కడ పలకరించకుండా నేరుగా "రేటెంత" అంటే మర్యాద తెలియనివాళ్ళ కింద జమ కడతారు.

నిజానికి పెద్దవాళ్ళతో వస్తే నేను దీవి దాటమని చెప్పను. సెయింట్ థామస్ ఉత్తరాన మేగెన్స్ బే ఉంది. ఒక టాక్సీ, దారిలో కొండ మీద ఆగి చూసే చోటు, చివర్న మైలు పొడవు ఇసుక, అలల్లేని నీళ్ళు, చెట్ల నీడ, శుభ్రమైన బాత్‌రూమ్‌లు. అమ్మ నీళ్ళలో పాదాలు పెట్టి కూర్చుంటుంది, నాన్నకి నీడలో కునుకు. తిరిగొచ్చేటప్పుడు ఊళ్ళో మెయిన్ స్ట్రీట్‌కి తీసుకెళ్తే నగల దుకాణాల్లో సింధీ వ్యాపారులు కనిపిస్తారు, హిందీ వచ్చిన నాన్నకి అరగంట కాలక్షేపం. అదే కుటుంబంలో కుర్రాళ్ళు సెయింట్ జాన్ వెళ్తామంటే వెళ్ళనివ్వండి. అందరూ కలిసే తిరగాలని ఎక్కడా రాసి లేదు.

కారు అద్దెకి తీసుకుని తిప్పేద్దాం అనుకునేవాళ్ళకి ఒక మాట. ఇక్కడ ఇండియాలోలా రోడ్డుకి ఎడమవైపు నడపాలి, కార్లు మాత్రం అమెరికావి, స్టీరింగ్ కూడా ఎడమవైపే. ఇరుకు కొండ రోడ్డు మీద ఎదురొచ్చే బండికి ఎంత దూరంలో ఉన్నామో డ్రైవర్‌కి సరిగ్గా తెలియదు, పక్కన కూర్చున్నవాళ్ళకే బాగా తెలుస్తుంది. ఒక్కరోజు కోసం ఆ ప్రయోగం వద్దు.

## సంచిలో ఏం పెట్టుకోవాలి

సన్‌స్క్రీన్ సీసా వెనక చదవండి. ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్నవాటిని 2020 నుంచి ఇక్కడ నిషేధించారు. జింక్ ఆక్సైడ్ రకం కొనుక్కెళ్ళండి. శాకాహారులు తినడానికి ప్యాకెట్లలో ఏదైనా పెట్టుకోవచ్చు గానీ, షిప్ బఫేలోంచి పండ్లూ వండినవీ దించకూడదు. బయట తినాలంటే "రోటీ" అని అడగండి, ట్రినిడాడ్ పద్ధతిలో శనగలు, బంగాళాదుంప కూర చుట్టి ఇచ్చేది కొన్నిచోట్ల దొరుకుతుంది. మాంసం లేనిదే కావాలని విడిగా చెప్పాలి.

చిల్లర డాలర్లు, షిప్ కార్డు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, పాస్‌పోర్ట్ వీసా పేజీల ఫొటోలు ఫోన్లో. సెయింట్ జాన్, వాటర్ ఐలాండ్ రెండూ ఇదే అమెరికా భూభాగం కాబట్టి ఫెర్రీ దగ్గర ఇమిగ్రేషన్ ఉండదు. షిప్ రోజూ ఇచ్చే కాగితంలో ఈ రేవులోని పోర్ట్ ఏజెంట్ నంబరు ఉంటుంది, దిగేముందు దాన్నీ ఒక ఫొటో తీసుకోండి. ఆలస్యమవుతోందని తెలిసిన వెంటనే ఫోన్ చేయాల్సింది ఆ నంబరుకే.